రెండు చుట్లెక్కువ తిప్పిన దోమతెర

నేను ఒక దోమతెరను. మంచానికి కట్టే తెరను కాదు. కిటికీ పైన పొడవాటి అల్యూమినియం పెట్టెలో చుట్టుకుని ఉండి, లాగితే కిందికి దిగి, వదిలితే పైకి పోయే రకం. స్వభావం చేత పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. దోమలకు ఎదురుగా నిలబడేదానికి ధైర్యం ఎక్కువ ఉంటుందని జనం అనుకుంటారు. దోమ బరువెంతో వాళ్ళొకసారి ఆలోచిస్తే బాగుండును.

గాజువాక వైపు ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గాజునార దారం, దాని మీద బూడిదరంగు ప్లాస్టిక్ పూత, అదీ నా ఒళ్ళు. నన్ను చుట్టుకునే గొట్టంలో ఒక స్ప్రింగు ఉంటుంది. పైకి లాక్కుపోయేది అదే. తెర పొడవును బట్టి దాన్ని ఎన్ని చుట్లు తిప్పి బిగించాలో ముందే రాసి ఉంటుంది. నాకు పద్దెనిమిది. ఆ రోజు బిగిస్తున్నది ఎర్నమ్మ అనే ఆవిడ. పదహారు దగ్గర ఉండగా పక్క బల్ల నుంచి ఎవరో కేకేశారు.

“ఒలే ఎర్నమ్మా, టీ వొచ్చీసింది. సల్లారిపోద్ది రాయే!”

“ఉండయే, లెక్క మర్సిపోతాను.”

మరిచిపోయింది. టీ తాగి, కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి, “పద్నాలుగా, పదహారా? పద్నాలుగే అయ్యుంటాది” అనుకుని ఇంకో నాలుగు తిప్పింది. అలా నా లోపల ఇరవై పడ్డాయి. ఆవిడ తాగిన ఆ టీ గురించి నేను చాలా ఏళ్ళు చెడుగానే అనుకున్నాను.

చుట్టుకుని ఉన్నప్పుడు నాకేమీ కనిపించదు. నా మీద నేనే, పొర మీద పొర, చీకటి. వినిపించడం మాత్రం బాగా వినిపిస్తుంది. ఆ చీకటిలోనే నన్ను విశాఖపట్నం ఊళ్ళోకి తెచ్చి, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక అపార్టుమెంటులో బిగించారు. బిగించినతను మొదటిసారి కిందికి లాగాడు. కళ్ళు తెరిస్తే నాలుగో అంతస్తు! కింద రోడ్డు, రోడ్డు మీద అగ్గిపెట్టెల్లా ఆటోలు. అతను నా కింది అంచుకున్న పట్టీ వదిలేశాడు. నేను ఫట్‌మని పైకి ఎగిరి పెట్టెకు కొట్టుకున్నాను. ఇంటాయన ఉలిక్కిపడ్డాడు.

“కొత్త స్ప్రింగు కదండీ” అన్నాడు అతను. “వాడగా వాడగా అదే లూజైపోద్ది.”

కాలేదు.

నా వెనక జరిపే అద్దం తలుపు ఉంది. దాని వెనక ఇనుప గ్రిల్లు. నాకున్న ధైర్యమంతా ఆ గ్రిల్లే. ఎందుకంటే నా సంగతి నాకు తెలుసు. కిటికీకి అటూ ఇటూ ఉన్న సన్నటి గాడుల్లోకి నా అంచులు అర అంగుళం దూరి ఉంటాయి. కింద పట్టీకి రెండు చివరలా రెండు కొక్కేలు. నన్ను నిలబెట్టేవి ఇవే. ఒకసారి తూనీగ ఒకటి వచ్చి గుద్దుకుంటే సాయంత్రం దాకా వణికాను.

మొదట అద్దెకు వచ్చిన బ్యాంకు ఉద్యోగులిద్దరూ ఏడాదిలో నన్ను ఒక్కసారైనా దించలేదు. నా కిందే దోమల కాయిల్ వెలిగించుకుని, ఊళ్ళో దోమలు ఎక్కువైపోయాయని మున్సిపాలిటీని తిట్టుకునేవారు. తరువాత వచ్చినాయన నాలోంచి రోడ్డు చూస్తూ గంటల తరబడి ఫోనులో అబద్ధాలు చెప్పేవాడు. ఇంట్లోనే ఉండి, దారిలో ఉన్నాననేవాడు. వీళ్ళ వల్ల నాకు హాని లేదు. పెట్టెలో భయపడుతూ కాలక్షేపం చేశాను.

ఆ తరువాత భుజంగరావు గారి కుటుంబం దిగింది. ఆయన డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. భార్య సుభద్రమ్మ. కొడుకు హేమసుందర్‌కి స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు. కోడలు కుసుమ రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. వచ్చిన వారానికే అత్తాకోడళ్ళ మధ్య నేను పంచాయితీకి వచ్చాను.

డెంగీ నమూనాలు రోజూ కళ్ళతో చూసే కుసుమ, సాయంత్రం అయిదున్నరకల్లా కిటికీలన్నీ మూసేయాలంది. దీపం పెట్టే వేళకి గుమ్మం, కిటికీ తీసి ఉంచకపోతే లక్ష్మీదేవి వెనక్కి వెళ్ళిపోతుందని సుభద్రమ్మ.

“దోమలు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి అత్తయ్యా.”

“వాటికి భయపడి ఆవిడ మొహాన తలుపేస్తామా?”

భుజంగరావు పేపరు మడిచి నన్ను చూపించాడు. “అద్దం తీసి, నెట్టు దించండి. ఇద్దరి మాటా నెగ్గుతుంది.”

“నెట్టులోంచి లక్ష్మీదేవి వస్తుందా?” అంది సుభద్రమ్మ. నన్ను కిందికి లాగి, అరచెయ్యి నా ముందు పెట్టి చూసింది. “గాలి వస్తోందిలే. గాలొచ్చిన చోటికి ఆవిడా వస్తుంది.”

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం దీపం వెలిగే పావుగంటా నేను కాపలా. తెల్లారి నన్ను పైకి పంపేది కూడా సుభద్రమ్మే. ఎంత నెమ్మదిగా వదలాలనుకున్నా పట్టీ ఆవిడ చేతిలోంచి జారి, ఫట్‌మనేది.

“నీ దుంప తెగ! గుండె జారిపోయిందే!”

ఇది రోజూ ఉండేది. మెకానిక్‌ను పిలుస్తానని భుజంగరావు రోజూ అనేవాడు. మనవరాలు ప్రణవి పుట్టిన ఎనిమిది నెలలకి సుభద్రమ్మ పోయింది. ఆ తరువాత హేమసుందర్ ఒకసారి మెకానిక్ మాట ఎత్తితే, “ఉండనీరా, అది అలా అంటేనే తెల్లారినట్టుంటుంది” అన్నాడు ఆయన.

పాపకి రెండున్నరేళ్ళు వచ్చాయి. కిటికీ కింద దివాను. దాని మీదికెక్కి, నేను పైన ఉన్న వేళల్లో గ్రిల్లు కమ్మీలు పట్టుకుని నిలబడి, రోడ్డు మీద కుక్కలన్నిటికీ పేర్లు పెట్టేది. నా చప్పుడంటే దానికి హడల్. నేను ఫట్‌మనగానే ఎక్కడున్నదక్కడ చతికిలబడి ఏడుపు అందుకునేది.

ఒక ఆదివారం కుసుమ గ్రిల్లు తుడుస్తోంది. కింద కమ్మీ ఒకటి ఆమె చేతిలోకి వచ్చేసింది. ఉప్పుగాలికి లోపలంతా తినేసి ఉంది.

“మావయ్యగారూ, ఇది చూడండి. పాప దీన్ని పట్టుకునే నిలబడుతుంది!”

ఆ మధ్యాహ్నమే గౌరునాయుడనే వెల్డరు వచ్చి గ్రిల్లు మొత్తం ఊడదీశాడు.

“రెండ్రోజులండి. కమ్మీలు మార్సీసి, రంగు కొట్టీసి తెచ్చీస్తాను.”

బిడ్డ పడిపోతుందేమోననే గ్రిల్లు తీయించారు. మనుషుల జాగ్రత్తలో ఉండే ఈ మెలిక నాకు ఎన్నడూ అర్థం కాదు. గ్రిల్లు లేని ఆ కిటికీ నాకు నోరు తెరిచినట్టు తోచింది.

“అది వచ్చేదాకా అద్దం తియ్యకండి మావయ్యగారూ” అంది కుసుమ.

“తియ్యనమ్మా.”

మొదటి రోజు మాట నిలబెట్టుకున్నాడు. దీపం పెట్టి, మూసి ఉన్న అద్దం వైపూ, భార్య ఫోటో వైపూ మార్చి మార్చి చూశాడు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. రెండో రోజు సాయంత్రం అద్దం జరిపి, నన్ను దించి, కొక్కేలు తగిలించాడు. “పావుగంటేగా. నెట్టు వేసే ఉందిగా” అని తనకు తనే చెప్పుకున్నాడు. లెక్కల మాస్టారు! నన్నొక గోడ కింద లెక్క వేశాడు. కోడలు ల్యాబు నుంచి వచ్చేలోగా అద్దం మళ్ళీ మూసేశాడు. మంచివాళ్ళు మాట తప్పినా ఎంత శుభ్రంగా తప్పుతారో!

ఆ పావుగంటలో పాప దివాను ఎక్కింది. పట్టుకోవడానికి కమ్మీలు లేవు కాబట్టి నా మీద చెయ్యి వేసింది. వెచ్చటి, చెమట పట్టిన అరచెయ్యి. నా దారాలన్నీ బిగుసుకున్నాయి. నా వెనక గాలి తప్ప ఏమీ లేదు. ‘నన్ను నమ్ముకోకు తల్లీ, నేను బట్టను’ అని అరవాలనిపించింది. తెరలకు నోరుండదు.

మూడో రోజు నుదురు ఆనించింది. నాలుగో రోజు రెండు చేతులూ పెట్టి తోసి చూసింది. నేను వెనక్కి ఉబ్బి మళ్ళీ ముందుకు వచ్చాను. అది ఆటనుకుని నవ్వింది. ఆ తోపుకి నా ఎడమ అంచు గాడిలోంచి సగానికి జరిగింది. ఎవరూ చూడలేదు. భుజంగరావు గౌరునాయుడికి ఫోను చేస్తున్నాడు.

“కరెంటు నేదండి బాబూ. రేపు పక్కా.”

అయిదో రోజు. భుజంగరావు అద్దం జరిపాడు, నన్ను దించాడు. వీధి గుమ్మం తీశాడు. పాప దివాను మీద బొమ్మతో కూర్చుని ఉంది. ఆయన అగ్గిపెట్టె తీసుకుని పక్కనున్న దేవుడి గదిలోకి వెళ్ళాడు. ఎనిమిది అడుగుల దూరం.

కింద మలుపులో స్కూటరు హారన్ మోగింది.

“అమ్మ!” అంది పాప. బొమ్మను వదిలేసి లేచింది. రెండు అరచేతులూ నా మీద పెట్టి, తల్లి కనబడాలని మునివేళ్ళ మీద నిలబడి, ఒళ్ళంతా ఆనించింది. నేను వెనక్కి ఉబ్బాను. ఎడమ అంచు గాడిలోంచి పూర్తిగా వచ్చేసింది. దాంతో పాటే ఎడమ కొక్కెం కూడా. ఆ వైపు నాకూ కిటికీకీ మధ్య సందు ఏర్పడింది. పిల్ల భుజం పట్టేటంత సందు. అందులోంచి రోడ్డు కనిపించింది.

ఏదో జారినట్టు తోచి పాప వెనక్కి తగ్గింది. నా వైపు వింతగా చూసింది. తరువాత నవ్వింది. నిన్నటి ఆట గుర్తొచ్చింది కాబోలు. మళ్ళీ తోయడానికి చేతులెత్తింది.

ఆ రెండు తోపులకీ మధ్య కుడి కొక్కెం ఓడిపోయింది. పద్దెనిమిది చుట్లయితే ఒక్క కొక్కెం ఆపేదేమో. ఇరవైని ఆపలేకపోయింది. నేను ఫట్‌మని పైకి ఎగిరి పెట్టెలోకి పోయాను.

ఇక చీకటి.

ఏమీ కనిపించదు. కిటికీ బార్లా తెరిచి ఉంది, గ్రిల్లు లేదు, అద్దం లేదు, నేను కూడా లేను. కింద స్కూటరు ఆగిన చప్పుడు. పాప చప్పుడు లేదు. ఒక క్షణం. ఇంకో క్షణం. నా పొరల్లో నేను నలిగిపోయాను. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

అప్పుడు ఏడుపు. నా కిందే, దివాను మీదే. పసిపిల్లలు పెద్ద ఏడుపుకి ముందు ఊపిరి బిగబట్టుకుంటారన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. రోజూలాగే హడలిపోయి, ఉన్నచోటే చతికిలబడింది.

పరుగెత్తుకొచ్చిన అడుగులు. అగ్గిపుల్లలు నేల మీద చిందిన చప్పుడు. అద్దం తలుపు దడాలున మూసుకుంది. చాలాసేపు ఆయన ఊపిరి మాత్రం వినిపించింది. తరువాత, ఎవరితోనో అన్నట్టు, “ఈ పూటకి గుమ్మంలోంచి రా తల్లీ” అన్నాడు.

వచ్చింది కుసుమ. ఆయన దాచలేదు.

“నేను మాట తప్పానమ్మా. నాలుగు రోజులుగా తప్పుతున్నాను.” జరిగింది జరిగినట్టు చెప్పాడు.

కుసుమ పాపను తీసుకుని దివాను మీద కూర్చున్నట్టుంది, చెక్క కిర్రుమంది. తరువాత లేచింది.

“మావయ్యగారూ, టీ పెడుతున్నాను. మీకు కొంచెం పంచదార ఎక్కువ వెయ్యనా?”

ఒక టీ వల్ల నాకు రెండు చుట్లు ఎక్కువ పడ్డాయి. ఇంకొక టీ ఆ ఇంటిని ఆ సాయంత్రం నిలబెట్టింది.

మర్నాడు పొద్దున్నే భుజంగరావు గౌరునాయుడి షాపుకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడట.

“మీరెల్లండి బాబూ, నాను తెచ్చీస్తాను.”

“నేనెక్కడికీ వెళ్ళను. నువ్వు చెయ్యి, నేను చూస్తాను.”

మధ్యాహ్నానికి గ్రిల్లు వచ్చింది. ఆ మర్నాడు నా కోసం మెకానిక్ వచ్చాడు. నన్ను కిందికి దించి అంచు సరిచేశాడు. స్ప్రింగు విప్పి లెక్కపెట్టి నవ్వాడు.

“ఇదేటండి, ఇరవై తిప్పీసినారు! పద్దెనిమిది సాలు. రెండు తీసీమంటారా?”

“వద్దు.”

“మళ్ళీ సప్పుడొస్తాదండి.”

“రావాలి బాబూ” అన్నాడు భుజంగరావు. మెకానిక్ ఆయన్ని ఒకసారి వింతగా చూసి, ఇరవై చుట్లూ తిరిగి బిగించాడు. నా ఎడమ వైపు పాప చేతులు చేసిన రెండు గుంటలను సాపు చేయడం మాత్రం అతని వల్ల కాలేదు.

పాపను నేను కాపాడానని చెప్పుకుంటే బాగుండును. నేనేమీ చేయలేదు. నన్ను ఆపేవాళ్ళు లేక పైకి పోయానంతే. కాకపోతే ఎర్నమ్మ ఎక్కడున్నా ఆవిడకు వేడి టీ దొరకాలని ఇప్పుడు కోరుకుంటాను.

ఇది జరిగి మూడేళ్ళయింది. సాయంత్రాలు భుజంగరావు ముందు గ్రిల్లును రెండు చేతులతో పట్టి ఊపి చూస్తాడు. తరువాత అద్దం జరుపుతాడు, తరువాత నన్ను దించుతాడు. పాపను వెంటబెట్టుకునే దేవుడి గదిలోకి వెళతాడు. ఆ రెండు గుంటల్లో ఇప్పుడు దాని అరచేతులు పట్టవు. అయినా అది దివాను ఎక్కి నా మీద చెయ్యి వేస్తే నా దారాలు బిగుసుకుంటాయి. వెనక కొత్త ఇనుము ఉందని తెలిసినా సరే.

ఇప్పుడు తెల్లారి నన్ను పైకి వదిలేది అదే. బడికి వెళ్ళే ముందు కొక్కేలు తీసి, చేయి వదిలేసి, చెవులు మూసుకుంటుంది. నేను ఫట్‌మని పెట్టెలోకి పోతాను. మళ్ళీ ఆ చీకటి, మళ్ళీ ఆ ఒక్క క్షణం నిశ్శబ్దం. రోజూ ఆ క్షణంలో నేను పాత భయాన్నంతా మొదటినుంచి భయపడతాను.

అప్పుడు కింది నుంచి, తాత నేర్పిన మాట వినిపిస్తుంది.

“నీ దుంప తెగ! గుండె జారిపోయిందే!”