భుజమా, మోకాలా

గెలిచిన మర్నాడు బ్రైడన్ ఫోర్క్‌లో అందరూ కోచ్‌లే. ఓడిన మర్నాడు అందరూ డాక్టర్లే. ఫైర్ స్టేషన్ హాల్లో ఇరవై రెండేళ్లుగా శనివారాలు పాన్‌కేకులు పోస్తున్న మార్లీన్ హుడాక్‌కి ఈ రెండు చదువులూ ఊరికి రాత్రికి రాత్రే ఎలా అబ్బుతాయో బాగా తెలుసు.

నిన్న సాయంత్రం రాష్ట్ర ఫైనల్లో వాళ్ల హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు ఇరవై ఏడు – పదమూడుతో ఓడిపోయింది. ఉక్కు మిల్లు మూతబడ్డాక ఆ ఒహాయో ఊళ్లో జనం లెక్కపెట్టుకునేది ఆటలుండే శుక్రవారాలే. ఆ శుక్రవారాల బరువంతా క్వార్టర్‌బ్యాక్ నెత్తిన ఉంటుంది. బంతి అందుకుని, మీదికొచ్చే గండరగండల్ని కాచుకుంటూ, రెండు క్షణాల్లో ఎవరికి విసరాలో తేల్చేవాడు అతనే. ఈ ఏడు క్వార్టర్‌బ్యాక్ డేన్ ఫెరెంచాక్. పన్నెండో తరగతి, పదిహేడేళ్లు, తిండి ముందు కూర్చుంటే ఇద్దరి పెట్టు.

ఆట మర్నాడు హాల్లో గోడకి దుప్పటి కట్టి, ఆట ఫిల్ము వేసి చూడటం ఆనవాయితీ. ఆ ఏడాదితో చదువు ముగిసే ఆటగాళ్లు ఏప్రన్లు కట్టుకుని వడ్డించాలి. గెలిస్తే వడ్డిస్తూ చప్పట్లు కొట్టించుకుంటారు. ఓడితే పాన్‌కేకుల మీది తీపి సిరప్‌తో పాటు మాటలూ మోస్తారు.

డేన్ ఇంకా రాలేదు. ఆ వీలు చూసుకునే వాడి ఒంటిని బల్లమీద పరిచి కోస్తున్నారు.

మంగలి కార్మైన్‌ది భుజం వాదం. కుడి భుజం జారిందనీ, ఆ విసుర్లు చూస్తే పసిపిల్లాడికైనా తెలుస్తుందనీ అతను అప్పటికి మూడుసార్లు చెప్పాడు. ఉత్తరాలు పంచే డోనాది మోకాలు. వీధి కుక్కల నుంచి పరిగెత్తి పరిగెత్తి మోకాళ్ల గురించి తనకి తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలియదని ఆమె ధీమా. ఈ రెండూ కాదు, వాడికి గుండెధైర్యమే లేదన్న వాళ్లూ ఉన్నారు గానీ, డేన్ తండ్రి రూడీ ముందు బల్లమీదే ఉన్నాడు కాబట్టి ఆ వాదం సాసేజీ ముక్కతో పాటు గొంతు దిగిపోయింది.

"ఆపండి, ఆపండి. అక్కడ చూడు డోనా," అన్నాడు కార్మైన్. కోచ్ మెక్‌గర్క్ ఫిల్ము ఆపాడు. దుప్పటి మీద డేన్ తల వంచి తన కుడి చెయ్యి వంక చూసుకుంటున్నాడు. "నొప్పి కాకపోతే ఆట మధ్యలో చెయ్యి అందం చూసుకుంటాడా ఎవడైనా?"

"నీ కత్తెర కింద కూర్చున్న ప్రతివాడూ తల పట్టుకుంటాడు. అంటే అందరికీ తలనొప్పేనా?" అంది డోనా.

హాలంతా నవ్వింది. మార్లీన్ నవ్వలేదు. పెనం మీద పాన్‌కేకు అంచు నల్లబడుతున్నా తిప్పలేదు. ఎప్పుడు ఏ ఎత్తు వేయాలో అచ్చువేసిన చీటీ క్వార్టర్‌బ్యాక్ ఎడమ మణికట్టు పట్టీలో ఉంటుంది. డేన్ బోడి కుడిచేతిలో దాన్ని వెతుకుతున్నాడు. ఆట మొదట్లో కాదు, సగం ఆట అయ్యాక, మూడో క్వార్టర్లో. అప్పటిదాకా ఎడమచేతిని చూసుకున్న పిల్లాడు అకస్మాత్తుగా చీటీ ఏ చేతికుందో మరిచిపోయాడు.

ఆ వెతుకులాట ఆమెకి కొత్త కాదు. పొయ్యి పక్క కుర్చీలో, కంటికి ఆనేంత దూరంలో, ఆమె మొగుడు ఎమిల్ కూర్చుని ఉన్నాడు. నలభై ఐదేళ్ల కిందట ఇదే ఊరికి క్వార్టర్‌బ్యాక్. పోయిన చలికాలం నుంచి వాచీ ఎడమచేతికి పెట్టుకుని టైము కుడిచేతిలో చూసుకుంటున్నాడు. ఇప్పుడు వాచీ లేదు. మార్లీనే తీసి దాచింది, టైము కనిపించకపోతే ఏడుస్తున్నాడని.

"స్కోరెంత?" అన్నాడు ఎమిల్.

"పాన్‌కేకు తిను," అంది మార్లీన్.

తల సంగతి ఆ హాల్లో ఎవరికీ తెలియనిది కాదు. కిందటి వారం సెమీఫైనల్లో డేన్‌కి గట్టి దెబ్బ తగిలింది. లేవడానికి ఆలస్యమైంది. సోమవారం స్కూల్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తల పరీక్ష పెట్టారు. మాటలు గుర్తుపెట్టుకోవడం, బొమ్మలు పోల్చడం, రంగు కనిపించగానే మీట నొక్కడం. వచ్చిన మార్కుల్ని ఆగస్టులో, సీజను మొదలు కాకముందు, అదే పరీక్షలో వచ్చిన మార్కులతో పోల్చి చూశారు. ఇంచుమించు సమానం. తల భేషుగ్గా ఉందన్నారు. అందుకే అందరూ నిశ్చింతగా భుజానికీ మోకాలికీ దిగారు.

ఆగస్టు పరీక్ష రాసిన రోజు, స్కూలు వాళ్లు సాయమడిగితే, లైబ్రరీలో కాపలా కూర్చున్నది మార్లీనే. నిమ్మకాయ బర్ఫీలాంటి బిస్కట్లు చేసి తీసుకెళ్లింది. ఇరవై మంది కుర్రాళ్లు, ఇరవై కంప్యూటర్లు, ముసిముసి నవ్వులు. డేన్ కళ్లు మూసుకుని మీటలు నొక్కుతున్నాడు. ఏమిట్రా అదంటే, తక్కువొస్తేనే మంచిది మిసెస్ హుడాక్, నవంబరులో పనికొస్తుంది, అని కన్ను గీటాడు. మొదటి మార్కులు అడుగున ఉంటే, దెబ్బ తిన్న తలకి కూడా ఆ అడుగు అందుతుంది. ఆట మానిపించరు. అన్నలు తమ్ముళ్లకి చెప్పే చిట్కా అది, బూట్ల లేసు కట్టడం నేర్పినట్టు. మార్లీన్ వేలు చూపించి బెదిరించి, బిస్కటు చేతిలో పెట్టి, అందరూ నిజాయితీగా రాశారన్న కాగితం కింద గుండ్రంగా సంతకం చేసింది. తన చేతిరాత బాగుంటుందని ఆమెకి కాస్త గర్వం కూడా.

మాడిన పాన్‌కేకుని చెత్తబుట్టలో వేసింది. ఆ తల పరీక్ష దొంగదని ఇప్పుడు చెబితే సంతకం తనదని చెప్పాలి. చెప్పకపోతే సోమవారం నుంచి డేన్ కుస్తీ జట్టులో దిగుతాడు. ఫుట్‌బాల్ అవగానే కుస్తీ. ఇద్దరు కాలేజీ కోచ్‌లు వాడిని చూడటానికి వస్తున్నారని రూడీ వారంగా చెబుతున్నాడు. ఇంకా తగ్గని తలని చాపకేసి ఒక్కసారి కొడితే చాలు.

సోమవారం దాకా టైముంది కదా అనుకుంది. రేపు చర్చి అయ్యాక వాడి తల్లి చెవిలో మెల్లగా వేయొచ్చు. ఎమిల్ తలనొప్పుల గురించి కూడా ఆమె ఇలాగే ఎనిమిదేళ్లు రేపు రేపనుకుంది.

అప్పుడొచ్చాడు డేన్. నల్ల కళ్లద్దాలు. లోపల ట్యూబులైట్లు తప్ప ఎండ లేదు. సినిమావాడివి అయిపోయావే అని కార్మైన్ ఏడిపించాడు. భుజమా మోకాలా చెప్పి మమ్మల్ని చావకుండా కాపాడమంది డోనా. డేన్ ఇద్దరికీ నవ్వాడు. ఏప్రన్ కట్టుకుని సిరప్ జగ్గు అందుకున్నాడు. ముందు బల్లకి పోశాడు. రెండో బల్లకి పోశాడు. మళ్లీ ముందు బల్లకొచ్చి, నిండిన పళ్లేల మీదే పోశాడు. మా వాడిది ఉదారబుద్ధి అన్నాడు రూడీ, నవ్వుతూ ప్యాంటు తుడుచుకుంటూ.

తర్వాత ఎమిల్ దగ్గరికొచ్చాడు.

"స్కోరెంత బాబూ?" అన్నాడు ఎమిల్.

"ఇంకా ఆడలేదు కదండీ. శుక్రవారం ఫైనల్. మీరు వస్తారుగా?" అన్నాడు డేన్.

"రాకుండా ఎలా ఉంటాను?" అన్నాడు ఎమిల్.

చుట్టుపక్కల వాళ్ల మొహాలు మెత్తబడ్డాయి. చూశారా, ముసలాయన మనసు కష్టపెట్టకుండా ఎంత బాగా చెప్పాడో, ఓడినా బంగారం లాంటి పిల్లాడు, అంది డోనా. కళ్లు కూడా ఒత్తుకుంది. మార్లీన్ మాత్రం కళ్లద్దాల పక్క నుంచి డేన్ కళ్లు చూసింది. వాటిలో దయ లేదు. శుక్రవారం కోసం ఎదురుచూపు ఉంది.

ఆమె పొయ్యి ఆర్పింది. హాల్లో అందరూ తిరిగి చూశారు. అందరూ తినకముందే ఆ పొయ్యి ఆరడం ఎవరూ ఎరగరు.

"వీడికి భుజమూ కాదు, మోకాలూ కాదు. తల," అంది మార్లీన్.

కోచ్ మెక్‌గర్క్ మర్యాదగానే చెప్పాడు. "పరీక్ష పాసయ్యాడు మార్లీన్. ఆగస్టు మార్కుల కాగితం నా ఫైల్లో ఉంది. కింద సంతకం కూడా ఉంది."

"ఆ సంతకం నాదే కోచ్. వీడు కళ్లు మూసుకుని రాశాడు. నేను చూస్తూ బిస్కట్లు పంచాను."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆమెకి అన్నిటికన్నా దానికే భయం వేసింది. కార్మైన్ తన ఫోర్కు వంక చూసుకున్నాడు. అతని కొడుకులు ముగ్గురూ ఆ పరీక్ష రాసినవాళ్లే. కోచ్ కప్పులో కాఫీ అయిపోయినా తాగుతున్నాడు.

రూడీ లేచాడు. "అందరూ అలాగే రాస్తారు మార్లీన్. నీకేమైనా కొత్తా? మా వాడొక్కడి మీద పడతావేం?"

"అందరూ అలాగే రాస్తారనే చెబుతున్నాను. మా ఆయన కాలంలో పరీక్షే లేదు, దాచుకోవడానికి. లేచి నిలబడితే చాలు, ఆడించేవాళ్లు. ఇదుగో, కూర్చున్నాడు చూడు."

"ఎమిల్‌ని అడ్డం పెట్టుకుని మాట్లాడకు."

"అడ్డం పెట్టుకోలేదయ్యా. పక్కన పెట్టుకున్నాను, రోజూ." తర్వాత గొంతు తగ్గించి, "డేన్, ఇలా చూడు నాన్నా. నిన్న ఎవరితో ఆడావు?" అంది.

డేన్ నవ్వాడు. అది చాలా మంచి నవ్వు, తరగతిలో జవాబు రానప్పుడు టీచరుకి చూపించే నవ్వు. తర్వాత, ఏ ఎత్తు వేయాలో తోచని క్వార్టర్‌బ్యాక్ పక్క గీత దగ్గరున్న కోచ్ వైపు చూసినట్టు, తండ్రి వైపు చూశాడు.

రూడీ ప్యాంటు జేబులో ట్రక్కు తాళాలు వెతికాడు. ఒక జేబులో లేవు. రెండో జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. మార్లీనే తీసుకుంది.

పెద్దాసుపత్రి నలభై నిమిషాల దారి. ఎమిల్‌ని ఒంటరిగా వదలడానికి లేదు కాబట్టి అతన్నీ ఎక్కించింది. వెనక సీట్లో ఎమిల్, డేన్. ముందు రూడీ, స్టీరింగు దగ్గర ఏప్రన్ విప్పడం మరిచిపోయిన మార్లీన్. బయల్దేరేటప్పుడు హాలు తలుపు తెరిచే ఉంది. ముందుగా డోనా గొంతు వినిపించింది, తల అయితే అయ్యుండొచ్చు గానీ మోకాలు కూడా ఉందని. తర్వాత కార్మైన్ గొంతు.

నది వంతెన దాటాక డేన్ అడిగాడు. "ఎక్కడికి వెళ్తున్నాం నాన్నా?"

"డాక్టర్ దగ్గరికి."

"ఆటకి టైముకి వచ్చేస్తామా?"

రూడీ కిటికీ వైపు తిరిగాడు.

"ఆట అయిపోయిందిరా. ఓడిపోయాం," అన్నాడు.

డేన్ ఆలోచించాడు. వాడి మొహం నిజంగానే చిన్నబోయింది, ఆ వార్త అప్పుడే తెలిసినట్టు. పక్కనుంచి ఎమిల్ వాడి మోకాలు తట్టాడు.

"బాధపడకు బాబూ. శుక్రవారం చూసుకుందాం," అన్నాడు.

"అవునండీ," అన్నాడు డేన్.

వెనక సీట్లో ఇద్దరూ కుదుటపడ్డారు. ఆసుపత్రి చేరేలోపు ఆ మాటలే ఇంకో మూడుసార్లు నడిచాయి. రెండుసార్లు రూడీయే జవాబు చెప్పాడు. మూడోసారి అతని వల్ల కాలేదు. అప్పుడు మార్లీన్ చెప్పింది.