ఎండ వండిన పప్పు

పొద్దున్న తొమ్మిదిన్నరకి కందిపప్పు కడిగి, నల్లరంగు పూసిన గిన్నెలో పోసి, పెరట్లో సోలార్ కుక్కర్‌లో పెట్టి, దాని అద్దాన్ని ఎండకేసి తిప్పుతాను. అంతే. పొంగుతుందని గాని, మాడుతుందని గాని బెంగ లేదు. ఈ హిందీవాళ్ల ఊరు ఖుర్సీపార్‌కి కాపురానికొచ్చిన పద్నాలుగేళ్లూ ఆ వేళకి నేను బొగ్గుల సిగ్డీ ముందు కూర్చుని విసురుతూ, కళ్లు తుడుచుకుంటూ ఉండేదాన్ని. పొగకి ఏడుస్తున్నానో, మరెందుకు ఏడుస్తున్నానో ఎవరూ అడిగేవారు కాదు. అందుకే మొన్న ఎనభైనాలుగు ఫిబ్రవరిలో, సర్కారు సగం ధరకే ఇస్తోందని మావారు నూకరాజు పవర్‌హౌస్ బజారు నుంచి ఆ పెట్టెని సైకిల్‌కి కట్టుకుని తెచ్చినప్పుడు, ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ పెళ్లిపీటల మీద కూడా పుట్టలేదు.

మొదటి ఆదివారమే స్టీలు ప్లాంటులో తనతో పనిచేసే బలరాంని భోజనానికి పిలిచారు. "భయ్యా, ఏ దాల్ సూరజ్ నే పకాయా!" అని ఒకటే గొప్ప. మా అత్తగారు కోటమ్మ వేళ్లు నాక్కుంటూ, "అరసవల్లి సామే వచ్చి వొండీసినాడు నాయినా, ఏటి రుసి!" అంది.

నాకు నవ్వాగలేదు. పద్నాలుగేళ్లలో 'కన్నమ్మ వండింది' అన్న మాట ఉప్పెక్కువైన రోజున తప్ప వినలేదు. సూర్యుడికి ఒక్కపూటలో పేరొచ్చేసింది. అయినా ఆయన మీద నాకు అసూయ లేదు, ఉన్నదంతా కృతజ్ఞతే. నా జన్మలో నాకంటూ రెండు గంటలిచ్చిన మగవాడు ఆయనొక్కడే.

ఆ రెండు గంటలూ పక్కవీధి లలితాంబగారి వరండాలో హిందీ చదువుకుంటున్నాను. మా అమ్మాయి సీత బడి నుంచి తెచ్చే కాగితాల్లో ఏముందో అదే చదివి చెబుతుంది, నేను తెలుగులో సంతకం పెడతాను. దానికి కావలసినట్టు చదువుతోందని నాకెప్పట్నుంచో అనుమానం. జులైలో నాచేత ఐదో తరగతి పరీక్ష రాయిస్తానన్నారు లలితాంబగారు.

"వొంట సూర్యుడు సేసీత్తే కోడలికి ఊరు తిరగడవే పని," అని అత్తగారు దెప్పింది. మావారు ఆవిణ్ణి ఊరుకోబెట్టారు. "ఎండున్నన్నాళ్లేలేమ్మా. వానలొస్తే అదే మానీస్తాది."

కసిరినా ఇంత బాధపడేదాన్ని కాదు. నా చదువుకి ఆయన ముందే గడువు రాసేశారు.

జూన్ ఆఖర్లో మబ్బు పట్టింది. మూడురోజులు పెట్టెలో పప్పు పలుకుగానే ఉండిపోయింది. మూడురోజులూ సిగ్డీ ముందు కూర్చున్నాను, క్లాసుకి వెళ్లలేదు. పరీక్ష ఇంకా పదిరోజులుందనగా, నాలుగోరోజు కూడా ఆకాశం తెరిపివ్వలేదు. మావారికి సెకండ్ షిఫ్టు, రెండింటిదాకా ఇంట్లోనే. మంచం మీద కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్నారు. నేను సిగ్డీ రాజేసి, పుస్తకాల సంచీ తీసుకుని చెప్పులు తొడుక్కున్నాను.

"ఏటే, ఎక్కడికెల్తన్నావు? ఎండ లేదు కదా!" అన్నారు.

"లేదండి. పప్పు కడిగి పెట్టాను, నిప్పు కూడా అందుకుంది. ఇయ్యాల సూర్యుడు రాడు, మీరున్నారు కదా," అన్నాను.