ఊగే ఇనుము

గీత వణుకుతోంది.

కుప్పం మీద, మబ్బులకు పైన... యమున ముందున్న తెర మీద పచ్చటి గీత, పొంగబోయే పాల మీది మీగడలా వణుకుతోంది.

నేల కింది రాళ్లలో దాగిన అయస్కాంతాన్ని వినడానికి వచ్చిన విమానం ఇది. రాతిని వినాలంటే ముందు తన రొద తాను పోగొట్టుకోవాలి. ఒళ్లంతా ఇనుమే కదా మహాతల్లికి!

అందుకే ఇంత పైకి రావడం — నేల గొంతు వినబడనంత పైకి. ముక్కు ఎత్తుతుంది, దించుతుంది. రెక్కలు వాలుస్తుంది. తోక విసురుతుంది. ప్రతి ఊపులో తన ఇనుము చేసే అల్లరిని కంప్యూటర్ నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని తీసేస్తుంది. కిందికి దిగాక మిగిలేది నేల.

ముందిక్కడ గీత నిలవాలి.

నిలవడం లేదు.

"ఇదే కడసారమ్మా," అన్నాడు పైలట్ ఉమాపతి. "ఇప్పుడూ కుదరకుంటే దిగిపోదాం. రేపు నీ సీట్లోకి ఇంకొకరు వస్తాండారంట."

బిడ్డ పుట్టాక ఇదే మొదటి పని. పచ్చి బాలింతకు ఆకాశమెందుకని ఆఫీసులో నవ్వినవాళ్లున్నారు. పాలు చేపి కుర్తా తడుస్తోంది. ఏడుపొస్తోంది.

గీత వణుకుతోంది... రెక్క వాలినప్పుడల్లా, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆలస్యంగా?

విమానం ఇనుమైతే విమానంతోనే కదలాలి. ఇదేదో జారుతోంది. ఊగుతోంది.

వెనక్కి చూసింది. తోక దగ్గర కొక్కేనికి ఊగుతూ తన సంచి. వెళ్లి తడిమింది. సంచి అడుగున, పాప గుడ్డలో చుట్టి — కొడవలి ముక్క.

అమ్మ!

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

యమున తల్లి బుజ్జమ్మకు తొలిచూలు కొడుకు పురిట్లోనే పోయాడు. పక్కలో ఇనుము పెట్టలేదన్నారు ఊళ్లో. ఆమె నమ్మింది. ఆనాటి నుంచి ఆమెకు ఇనుమే దేవుడు. మొన్న కొడవలిని రెండు ముక్కలు చేయించింది. ఒకటి పాప ఉయ్యాల కింద పెట్టింది. రెండోది యమున సంచిలో పెట్టింది.

"నాకొద్దు మా."

"నీకు గాదులే. నా గుండెకు."

వద్దే వద్దంటే, సరేలే తీసేస్తాండానంది. తీస్తే ఆమె బుజ్జమ్మ ఎందుకవుతుంది!

"యాడ పెడతావమ్మా దాన్ని?" ఆమె చేతిలోని ముక్కను చూసి ఉమాపతి అడిగాడు.

యమున చున్నీ తీసింది. ముక్కను తన సీటు కాలికి కట్టింది. ముడి మీద ముడి. ఊగేదాన్ని కంప్యూటర్ నేర్చుకోలేదు. కదలనిదాన్ని నేర్చుకుంటుంది.

"అన్నా, ఇంకొక్కసారి తిప్పు."

ముక్కు. రెక్క. తోక.

గీత నిలబడింది.

అమ్మ భయం విమానంలోనే ఉంది. గీతలో మాత్రం లేదు.

విమానం కిందికి దిగింది. పుంగనూరు టమాటా తోటలు వచ్చాయి, వెళ్లాయి. గీత మెల్లగా లేస్తూ, వాలుతూ, రాళ్ల కబుర్లు చెబుతోంది. ఇప్పుడు మాట్లాడేది నేలే.

మదనపల్లె శివారు. తమ మిద్దె మీద అమ్మ చీర ఆరేసి ఉంది. కింద ఉయ్యాల. ఉయ్యాల కింద మిగతా సగం.

ఇంత ఎత్తుకు ఆ బెత్తెడు ఇనుము వినబడదు. ఏ మిషనుకూ వినబడదు. యమున చదివిన చదువే అది.

గీతలోంచి విమానాన్ని తీసేశారు. అమ్మ భయాన్నీ తీసేశారు. ఇక మిగిలింది...

కుర్తా మళ్లీ తడిసింది.

గీత వణికింది.