ఆ పక్క కిటికీ, ఈ పక్క కిటికీ

మొగుడు పోయి ముప్పై రెండు రోజులైనా మునివెంకటమ్మ ఏడవలేదు. సాదలిలో ఆడవాళ్ళకు ఇంతకంటే పెద్ద వార్త ఇంకేం కావాలి? దినాలనాడు వడలు తింటూ కూడా అదే మాట. "రాతి గుండె" అని ఒకామె, "లోపల్లోపల కుమిలిపోతాంది" అని ఇంకొకామె. రెండూ నిజం కాదు. ఆమెకు లోపల ఏమీ లేదు, అంతే. ఎవరైనా అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. లెమ్మంటే లేచేది, పడుకోమంటే పడుకునేది. తిమ్మరాయప్ప అంత మంచివాడు, ఇంత మంచివాడు అని వచ్చినవాళ్ళంతా పొగిడారు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా! ఆ పొగడ్తలు కూడా ఆమె ఎవరో పరాయివాడి గురించి విన్నట్టే వింది.

ఆ రోజు కూతురు రంజిత "చింతామణికి పోదాం పదమ్మా" అంటే చెప్పులు తొడుక్కుంది. ఎందుకని అడగలేదు. బస్సు కదిలాక రంజితే చెప్పింది.

"నాయన మంగళూరుకు రైలు టికెట్లు తీసిపెట్టినాడు గదా. ప్రయాణం శనివారమే. ఆ టికెట్లు తీసిచ్చిన నందీశన్న ఫోన్ చేసినాడు, క్యాన్సిల్ చేసేది ఉంటే ఈ రోజే చేయల్లంట."

"ఊ" అంది మునివెంకటమ్మ.

టికెట్ల సంగతి ఆమెకు తెలుసు. తెలియకేం!

పట్టుపురుగులు పెట్టుకున్న ఇంట్లో మొగుడూ పెళ్ళాం కలిసి గడప దాటడమంటే మాటలు కాదు. పురుగుకు పండగా లేదు, పబ్బమూ లేదు. పొద్దున ఆకు వేయాలి, మధ్యాహ్నం వేయాలి, పొద్దు గూకినాక వేయాలి. ఎండ ముదిరితే తడిగోనెలు కట్టాలి, చలి పెడితే కుంపటి పెట్టాలి. పరాయివాళ్ళను పురుగింట్లోకి రానివ్వకూడదు. అందుకని ముప్పై మూడేళ్ళ కాపురంలో ఏ పెళ్ళికైనా ఏ చావుకైనా ఒకరు పోవడం, ఒకరు ఆకు వేస్తూ ఉండిపోవడం. పోయినవాళ్ళు తిరిగొచ్చి చెప్పాలి. అది ఆ ఇంటి కట్టుబాటు. చెప్పడమంటే "బాగానే జరిగింది" అని చేతులు దులుపుకోవడం కాదు. పప్పులో ఉప్పు సరిపోయిందా, ఏ వదిన ఏ చీర కట్టింది, ఎవరు ఎవరి మీద అలిగి చెయ్యి కడగకుండా పోయారు, అన్నీ చెప్పాలి. ఒకరు తట్టల్లో ఆకు పరుస్తూ వినేవారు, ఇంకొకరు పక్కన నిలబడి చెప్పేవారు. కైవారం గుడికి పోయొచ్చినప్పుడు మునివెంకటమ్మ ఆకు మూడు తూర్లు వేసేదాకా చెప్పింది.

రంజిత పెళ్ళప్పుడైతే మరీ అన్యాయం. ముహూర్తం రోజే పురుగు పండి కూర్చుంది. పండిన పురుగును గంటల్లో ఏరి, అది గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేయకపోతే పంటంతా మట్టిపాలు. కన్యాదానం ధార పోసేదాకా తిమ్మరాయప్ప పీట మీద ఉన్నాడు. ఆ తడి చెయ్యి ఆరకముందే బండెక్కి ఇంటికి పరుగెత్తాడు. అప్పగింతలు చూడలేదు. మర్నాడు మునివెంకటమ్మ చెప్తే విన్నాడు. వింటూ ఏడ్చాడు. "కారెక్కేటప్పుడు నన్ను తలుచుకున్యా? మళ్ళా చెప్పు" అని మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఈ ఏడు ఆయన మోకాళ్ళు మొరాయించాయి. సగం మల్బరీ తోట వేరేవాళ్ళకు కోరుకు, పంటలో పాలుకు, ఇచ్చేశారు. దాంతో ఒక పంటకూ ఇంకో పంటకూ నడుమ పదిహేను రోజులు ఖాళీ దొరికింది, పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి. ఎవరో ఫోనులో రైలు వీడియో చూపించారట. సకలేశపురం దాటినాక కొండలు, సొరంగాలు, పట్టాల పక్కనే దూకే నీళ్ళు, పైకప్పుకు కూడా అద్దాలున్న బోగీ. ఆయన ఇంటికొచ్చి "ఇద్దరమూ పోదాం" అన్నాడు. అదే రోజు చింతామణికి పోయి టికెట్లు తీయించుకొచ్చాడు.

మునివెంకటమ్మ "ఈ వయసులో ఇదొక్కటే తక్కువ" అని గొణిగింది. కానీ పెట్టెలోని ఆకుపచ్చ చీర తీసి ఎండకు వేసింది. కొండలూ నీళ్ళూ ఆమెకు ఎట్లున్నా సరే. తెల్లవారినప్పటి నుండి సాయంత్రం దాకా ఆయన పక్కన, భుజం ఆనించి, ఆకు వేళయిందని ఎవరూ లేవకుండా కూర్చోవచ్చు. ఆమెకు కావలసింది అది. ఆ మాట ఆయనతో కూడా అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కదా.

టికెట్లు తీసిన ఇరవై ఐదో రోజున తిమ్మరాయప్ప తోటలో ఆకు కోస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

నందీశ్ కంప్యూటర్ అంగడి బస్టాండు ఎదురుగానే ఉంటుంది. ఆధార్ జిరాక్సులకు నలుగురు నిలబడి ఉన్నారు. వీళ్ళను చూడగానే అతను లేచి స్టూళ్ళు జరిపాడు, టీ చెప్పాడు. మునివెంకటమ్మ ముందు టీ గ్లాసు పెడితే దాన్ని చూస్తూ కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది.

"ఏం చేసేదమ్మా, తిమ్మరాయప్పన్న ఇట్ల చేసి పాయ" అన్నాడు నందీశ్. రెండు కాగితాలు ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు.

రంజిత కాగితాలు తిప్పి చూసింది. "ఇదేందన్నా, ఇద్దరికీ వేరేవేరే టికెట్లు తీసినావు? తొమ్మిది ఒకటి, ఇరవై నాలుగు ఒకటి. పక్కపక్కన ల్యావా?"

"ల్యావమ్మా. తొమ్మిది ఎడం పక్క కిటికీ. ఇరవై నాలుగు కుడి పక్క, అదీ మూడు వరసలు వెనక."

తిమ్మిరెక్కిన కాల్లో ముల్లు దిగితే ఎట్లుంటుంది? తెలిసీ తెలియనట్టు, ఎక్కడో దూరంగా నొప్పి. మునివెంకటమ్మకు అట్లా అయింది. ఆయన తన పక్కన కూర్చోవాలని అనుకోలేదన్నమాట. ముప్పై మూడేళ్ళకు ఒక్క రోజు దొరికితే, ఆ ఒక్క రోజూ ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఆమె తల ఎత్తి నందీశ్‌ను చూసింది.

"ఆయనే అట్ల అడిగినాడా?"

ముప్పై రెండు రోజుల్లో ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అది. రంజిత తల్లి వైపు తిరిగి చూసింది.

నందీశ్ తల గోక్కున్నాడు. "ఆయనేనమ్మా. నేను చెప్పినా, ఇద్దరికీ కలిపి ఒకే టికెట్టు తీస్తే పక్కపక్కన వస్తాయి, ఒకరికి కిటికీ, ఒకరికి నడవ పక్క అని. ఒప్పుకోల్యా. ఇద్దరికీ కిటికీలే కావల్లన్నాడు. సరే అని వేరేవేరేగా చేస్తే రెండూ ఎడం పక్కనే వచ్చినాయి, ముందూ వెనకా. అది కూడా కుదరదంట! ఒకటి క్యాన్సిల్ చేయించి మళ్ళా తీయించినాడు. మూడో తూరికి గాని కుడి పక్కది పడల్యా. నాకు రేగిపాయ. మొగుడూ పెళ్ళాం పోతా ఎదురుబొదురు గోడలకు కూచుంటారా ఎవరన్నా, ఏమన్నా కొట్లాడుకున్యారా అన్నా అని అడిగేసినా."

"ఏమన్యాడు?"

"నవ్వినాడు. 'ఏమప్పా నందీశా, పక్కపక్కన కూచుంటే ఇద్దరం ఒకే కొండ చూస్తాం. ఒకే కొండ చూసేదానికి ఇద్దరు పోయేదెందుకు? ఆయమ్మ ఆ పక్క చూడనీ, నేను ఈ పక్క చూస్తా. ఇంటికి వచ్చి నాకు ఆమె చెప్తాది, ఆమెకు నేను చెప్తా. ల్యాకపోతే ఇంటికొచ్చి ఏం మాట్లాడుకునేది?' అన్యాడు. నేను చూసింది ఆమెకు చెప్పకుంటే నాకు చూసినట్టే ఉండదప్పా అన్యాడు."



పిచ్చి మనిషి, అనుకుంది మునివెంకటమ్మ. ఇద్దరూ కలిసి పోతే చెప్పుకోవడం ఉండదని, అది పోతుందని భయపడినట్టున్నాడు. కలిసి పోవడమెట్లాగో ఆయనకు తెలియదు. పోయి రావడం, వచ్చి చెప్పడం, అదొక్కటే తెలుసు. తనకు మాత్రం ఏం తెలుసు! ఆమెకు ఆయన మీద కోపం వచ్చింది, ప్రేమ వచ్చింది, రెండూ ఒక్కసారే వచ్చాయి. చల్లారిన టీ ఎత్తి మీగడతో సహా తాగేసింది.

"క్యాన్సిల్ వద్దప్పా" అంది.

"అమ్మా!" అంది రంజిత.

"రెండు సీట్లూ ఉండనీ. సగం దూరం ఈ పక్క కూచుంటా, సగం దూరం ఆ పక్క కూచుంటా."

నందీశ్ ఇబ్బందిగా కదిలాడు. "అట్ల కాదమ్మా. మనిషి రాకపోతే ఆ సీటు టీటీ ఇంకొకరికి ఇచ్చేస్తాడు. కావల్లంటే సొంత మనుషుల పేరుకు మార్చొచ్చు. కూతురికి మార్చొచ్చు. నేను అర్జి రాసిస్తా. మరణ ప్రమాణపత్ర, ఆధార్ పెట్టి ఈ రోజే స్టేషన్ కౌంటర్లో ఇయ్యల్ల."

మునివెంకటమ్మ కూతురి వైపు చూసింది.

"నేనా?" అంది రంజిత. "ఏడాది తిరక్కుండా కొండలు దాటకూడదని అత్త అంటాదమ్మా. ఊర్లో ఏమంటారు?"

"ఏడవల్యాదని ఇప్పటికే అంటాండారు. దాంతో బాటు ఇది కూడా అననీ. వాళ్ళకూ పొద్దు పోవల్ల గదా."

జిరాక్సుల కోసం నిలబడ్డవాళ్ళలో ఒకరు నవ్వాపుకున్నారు. రంజితకు నవ్వు రాలేదు. తల్లి పక్కకు స్టూలు జరుపుకుని, మెల్లగా అంది. "సరే, వస్తా. కానీ నేను నీ పక్కన కూచుంటా. అక్కడికి పోయినాక ఎవరినన్నా అడిగి సీటు మార్చుకుందాం. నిన్ను ఒక్కదాన్నే అట్ల కూచోబెట్టి నేను యాడో ఆ చివర కూచోలేను."

"వద్దు."

"ఎందుకొద్దు? ఆ పక్క కిటికీలో నేను చూసింది యెవరికి చెప్పేది? ఈ పక్క నువ్వు చూసింది యెవరికి చెప్తావు? నాయన యాడుండాడమ్మా?"

"ఇంట్లో ఉండాడు" అంది మునివెంకటమ్మ, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "ఎప్పుడూ ఒకరు పోతాం, ఒకరు ఇంట్లో ఉంటాం. ఈ తూరి ఇంట్లో ఉండేది మీ నాయన. పోయొచ్చేది మనం. చెప్పల్ల గదా."

రంజిత కొంగు నోట్లో కుక్కుకుంది. నందీశ్ కంప్యూటర్ వైపు తిరిగి, అక్కర లేకపోయినా ఏవో మీటలు నొక్కాడు. తర్వాత తెల్లకాగితం తీసి అర్జి రాయడం మొదలుపెట్టాడు. ప్రయాణికుడి పేరు తిమ్మరాయప్ప, సీటు ఇరవై నాలుగు, అని చదువుతూ రాశాడు. ఆ పేరు మీద అడ్డగీత కొట్టలేదు, పక్కన రంజిత పేరు రాశాడు.

మునివెంకటమ్మ ఆ కాగితం చూస్తూ కూర్చుంది. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ముప్పై రెండు రోజులు రానివి, బస్టాండు ఎదురుగా నలుగురి మధ్య వచ్చాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు.

"రంజితా" అంది అట్లాగే ఏడుస్తూ. "రైల్లో నిద్రపోయేవు, జాగ్రత్త. మీ నాయన అన్నీ అడుగుతాడు."