దిష్టి మిరపకాయల పొగ

ఇటు రా తల్లీ, ఒళ్ళో తల పెట్టుకో. మీ తాత సిలార్ మా ఇంట్లో పొయ్యి వెలగనివ్వని పది రోజుల సంగతి చెబుతాను.

అప్పుడు ఆయన గుంటూరులో ఫైరింజన్ మీద పనిచేసేవాడు. అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో ఒక మిరపకాయల గోదాము అంటుకుంది. ఆ ఘాటులోకి ఆయనా, ఆయన జతగాడు జోసఫూ వెళ్ళారు. ఆయనొక్కడే తిరిగొచ్చాడు.

మర్నాటి నుంచి పొయ్యి వెలిగితే చాలు, బిందె ఎత్తి కుమ్మరించేవాడు. అన్నం మీద, పప్పు మీద, ఒకసారి మా అమ్మ రహిమున్నీసా నోట్లో చుట్ట మీద కూడా. పక్కింట్లో వండుకుందామంటే అక్కడికీ బిందెతో వచ్చేవాడు. పది రోజులు పిల్లలకు నానబెట్టిన అటుకులే. చిన్నదానికి అటుకులు చూస్తేనే ఏడుపు.

"దిష్టి తగిలింది," అని మా అమ్మ తేల్చేసింది. మిరపకాయల పొగలో మతి చెదిరిన మనిషికి మిరపకాయలతోనే దిష్టి తీయడమేమిటని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. పిడికెడు ఎండుమిరపకాయలు ఆయన తల చుట్టూ మూడుసార్లు తిప్పి, ఆయనకు తెలియకుండా రాజేసిన కుంపట్లో పడేసింది.

పొగ లేచిందో లేదో, మీ తాత మా అమ్మను భుజాన వేసుకుని వీధిలోకి పరుగు.

"దించవయ్యా అల్లుడూ! నా చుట్ట లోపలే ఉంది!"

తర్వాత పిల్లల్ని తెచ్చాడు, నన్ను తెచ్చాడు, మేకను తెచ్చాడు. అందరినీ వరసగా పడుకోబెట్టాడు, మేకతో సహా. మళ్ళీ వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చాడు. "జోసఫ్ కనబడటం లేదు," అని మళ్ళీ లోపలికి. ఆపితే ఆగడు.

ఆయన్ను చూసిపోదామని వచ్చిన ఇంజన్ డ్రైవరు అంకమ్మరావు ఇదంతా చూశాడు. "చెల్లెమ్మా, జోసఫ్ దొరికితేగానీ వీడు ఆగడు. జోసఫ్ లాగా నేను పడుకుంటా," అని పెరటి గుమ్మంలోంచి దూరి నేల మీద బోర్లా పడ్డాడు. అంకమ్మరావుది నిండిన పత్తి బోరెం బస్తా లాంటి ఒళ్ళు. మీ తాత రెండు చేతులూ పట్టి ఈడ్చాడు. అంకమ్మరావు వీధి గుమ్మంలో ఇరుక్కుపోయాడు. వీధి వీధంతా "లాగు, లాగు!" అని కేకలు.

బయటపడ్డాక మీ తాత అతని మొహంలోకి చూశాడు.

"ఒరేయ్ అంకమ్మరావ్, నువ్వా? జోసఫ్ ఇంత బరువుండడురా. వాణ్ణి ఎత్తుకున్నా, నాకు తెలుసు. సగం దూరం మోశా. దగ్గు ఆగక దించా. గాలి పీల్చుకుని మళ్ళీ వెళ్ళేసరికి కప్పు కూలింది."

అంకమ్మరావు ఒంటి మీద మట్టి కూడా దులుపుకోలేదు. "దించకపోతే నువ్వూ తిరిగొచ్చేవాడివి కాదురా," అన్నాడు.

అప్పుడు ఏడ్చాడు మీ తాత, మేక పక్కన కూలబడి, గోదాము కాలాక మొదటిసారి.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగించాను. ఆయన వీధి అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. అన్నం ఉడికేదాకా జోసఫ్ కబుర్లే చెప్పాడు, గట్టిగా, లోపల నాకు వినబడేలా.

ఇది నీ పిల్లలకూ చెప్పు తల్లీ. మేక దగ్గర నవ్వితే నవ్వనీ. జోసఫ్ పేరు మాత్రం వదిలేయకు.