పడమటి గాలికి అడ్డం

మా గుట్ట మీద గాలి ఏటేటా తగ్గిపోతోందని గాలి స్తంభమే చెప్పింది. అమ్రాబాద్ పక్కన మా చెలక ఉన్న గుట్ట మీద ఇరవై ఏళ్ల కింద గాలి కొలిచే ఆఫీసువాళ్లు దాన్ని పాతారు. కొనన మూడు గిన్నెలు తిరుగుతుంటాయి, ఎంత జోరుగా తిరిగితే అంత గాలి అని లెక్క. కాపలాకు నన్ను పెట్టారు. నేనూ నా భార్య ఈదమ్మా పక్కనే రేకుల ఇల్లు వేసుకున్నాం.

అప్పట్లో ఆషాఢం వచ్చిందంటే పడమటి గాలి అలిగొచ్చిన చుట్టంలా మా మీద పడేది. రేకులు లేపేది. ఇంటి మీదుగా లావుపాటి మోకుతాడు వేసి, ఇటు కొస నేను, అటు కొస ఈదమ్మ పట్టుకుని వేలాడేవాళ్లం. మధ్యన ఇల్లు, ఒకరికొకరం కనబడం. "పట్టినవా?" అని నేను అరిస్తే, "పట్టిన, నువ్వు ఇడువకు!" అని అటు నుంచి వినబడేది. ఆ మాటతోనే నాకు ధైర్యం వచ్చేది.

తర్వాత ఆమె పడమటి వైపు కానుగ మొక్కలు నాటింది. కింది బోరింగు నుంచి బిందెతో నీళ్లు మోసింది. రాతి మీద చెట్లు మొలుస్తాయా పిచ్చిదానా అని నవ్వాను. నా నవ్వును ఆమె లెక్కచేయలేదు, చెట్లూ లెక్కచేయలేదు.

ఈదమ్మ పోయి నాలుగేళ్లు. గిన్నెలు నీరసంగా తిరగడం నేను పట్టించుకున్నది ఆమె పోయాకే. గాలిని కూడా వెంట తీసుకుపోయిందని నమ్మాను. కోపం కూడా వచ్చేది. ఆ చప్పుడన్నా నాకు వదిలి పోవచ్చు కదా. మాట్లాడే మనిషి లేనిచోట గాలి కూడా లేకపోతే ఎట్లా బతకాలి?

ఆరు నెలలకోసారి గిన్నెలు చూడడానికి మానస అనే పిల్ల వస్తుంది, వాళ్లది వడ్డేపల్లి. నా గడప దాకా ఎక్కి వచ్చేది ఆమె ఒక్కతే. ఈ ఆషాఢంలో వచ్చి, చేతిలో పట్టే చిన్న గాలి యంత్రాన్ని స్తంభం దగ్గర పట్టింది, చెట్ల అవతల బోసి రాతిగుండు మీద పట్టింది. అవతల అది గిర్రున తిరిగింది.

"కొండలల్ల గాలి తగ్గుతుందని మా ఆఫీసుల పరేషాన్ అయితుండ్రు తాతా. ఈడ గాలి యాడికీ పోలే. ఈ చెట్లే అడ్డమున్నయి. కొట్టేస్తే లెక్క సరిగొస్తది. లేకుంటే స్తంభం వేరే గుట్టకు తీస్కపోవాలె."

"గట్లయితే నువ్వు రావా బిడ్డా?"

"ఈడ పనుండదు గద తాతా."

రెండు రోజుల్లో వస్తానని ఆమె దిగిపోయింది. నాకు గాలి కావాలి, ఆ పిల్లా రావాలి. గొడ్డలి తీసుకుని, స్తంభానికి ఎదురుగా ఉన్న పెద్ద కానుగను నా చేత్తోనే కొట్టాను.

మర్నాడు పొద్దున ఆ సందులోంచి గాలి దూసుకొచ్చింది. రేకు లేచింది. సంతోషంతో కాళ్లు ఆగలేదు. చూరులోని పాత మోకు లాగి ఇంటి మీదుగా అవతలికి విసిరాను. నా కొస పట్టుకుని, "పట్టినవా?" అని అరిచాను.

మళ్లీ అరిచాను. గట్టిగా లాగాను. మోకు మొత్తం జారి వచ్చి నా కాళ్ల మీద పడింది.

అక్కడే కూలబడి ఏడ్చాను. గాలి వచ్చింది, ఆమె రాలేదు. ఈ మోకు నేనొక్కణ్ణే పట్టుకునే రోజు రావద్దనే ఆమె చెట్లు పెంచిందేమో. ఆ చెట్టునే నేను నరికాను.

మానస వచ్చాక మోకు సంగతంతా చెప్పాను. "ఇగ కొట్టను బిడ్డా. నీ స్తంభం నువ్వు తీస్కపో."

ఆమె మనుషుల్ని పిలిపించి స్తంభం విప్పించింది. గిన్నెలు సంచిలో వేసుకుంది. పోయే ముందు మోకు ఒక కొస నా చేతికిచ్చి, రెండోది ఇంటి మీదుగా విసిరి, అవతలికి వెళ్లింది.

"ఈడ రాతిగుండుకు గట్టిగ కట్టిన తాతా! లాగు!"

ఇంటి అవతల నుంచి నాకు మాట వినబడి నాలుగేళ్లయింది. లాగాను. మోకు రాలేదు. ఆ పిల్ల గుట్ట దిగేదాకా కొస పట్టుకునే నిలబడ్డాను.