బసవపున్నయ్య గారు లేచారు

నాకు నీళ్లు కావాలి. అంతకంటే ముందు మా బావగారి పరువు కావాలి.

మా ఆయన పోయాక ఎకరన్నర నేనే చేస్తున్నాను. కంకిపాడు దగ్గర, బోదె అనే పిల్లకాలువకు చివరి చేను. మంగళవారం, శుక్రవారం నీళ్ల వంతు నాది. నాకు పైన మా బావగారు బసవపున్నయ్య చేను. ఆయన భోంచేసి పడుకుంటారు. మూడింటికి లేచి, మట్టి నింపిన గోతం బోదెకు అడ్డం వేసి నా నీళ్లు తన చేలోకి తిప్పుకుంటారు. నేను గట్టు మీద కనిపిస్తే గోతం లాగేస్తారు.

రైతుల సమావేశంలో అడిగాను. అందరి ముందూ నవ్వారు.

"వేలిముద్ర మనిషివి, నీకెందుకు బుల్లెమ్మా ఈ సంగతులు? కాలువలోనే నీళ్లు రాకపోతే నేనేం చేసేది?"

అప్పటికి నా నారు సగం ఎండింది. ఆ నవ్వు గుర్తొస్తే అన్నం దిగేది కాదు.

నాకు అక్షరాలు నేర్పిన స్టెల్లా టీచరు పటమటలో ఉంటారు. ఖాళీ దొరికితే చిన్న చిన్న యంత్రాలు బిగించడం ఆవిడ సరదా. వెళ్లి అంతా చెప్పాను.

"ఏం కావాలి మీకు? సాక్ష్యమా?"

"నవ్వు కావాలండీ. ఈసారి ఊరు నవ్వాలి, ఆయన వినాలి."

బిస్కెట్ అంత వైఫై బోర్డు, బ్యాటరీ, రెండు వైర్లు. మూడొందల్లో అయిపోయింది. వైర్ల చివర మేకులు కట్టాను. వారానికే తుప్పు పట్టి పిచ్చి మెసేజులు వచ్చాయి. వాటిని పారేసి రెండు స్టీలు చెంచాల కాడలు కోసి పెట్టాను. బోర్డును ఆవకాయ సీసాలో పెట్టి, మూతకు మైనం పూసి, నా చేను మొదట్లో బోదెలో కర్రకు కట్టాను. కాడలు నీళ్లలో ఉన్నంతసేపు బోర్డు ఊరుకుంటుంది. నా వంతు రోజున నీళ్లు దిగితే, చేను పక్కనే ఉన్న మా ఇంట్లో పాత ఫోన్‌కి కబురు పంపుతుంది. ఆ ఫోన్ దాన్ని నా పేరుతో రైతుల వాట్సాప్ గ్రూపులో పెడుతుంది.

"ఏమని రాద్దాం? నీళ్లు తగ్గాయనా?" అన్నారు టీచరు.

"నేను రాస్తానండీ."

ఒత్తుల దగ్గర ఆగి ఆగి, నేనే టైపు చేశాను.

శుక్రవారం మూడూ పదికి గ్రూపులో పడింది: "బసవపున్నయ్య గారు లేచారు."

బావగారు నమస్కారం బొమ్మ పెట్టారు. మంగళవారం మూడూ ఐదుకి మళ్లీ పడింది. "కాఫీ తాగారా?" అని ఎవరో అడిగారు. మూడోసారికి రైతుల సంఘం అధ్యక్షుడు సంజీవరావు గారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, మీ బావగారు లేస్తే నీకెలా తెలుస్తుంది?"

"ఆయన లేస్తే నా బోదె ఎండుతుందండీ."

సంజీవరావు గారు పగలబడి నవ్వారు.

మరుసటి వంతు రోజు మెసేజ్ పడేసరికి పదిమంది రైతులు పక్క అరటితోటలో కాచుకుని ఉన్నారు. బావగారు మోకాళ్ల దాకా బురదలో, గోతం కౌగిలించుకుని నిలబడ్డారు.

"లేచారా బసవపున్నయ్య గారూ?" అన్నారు సంజీవరావు గారు.

గట్టు మీద నవ్వు ఆగలేదు. నేనూ నవ్వాను, ఆయనకు వినబడేలా.

సాయంత్రం మా గుమ్మం దగ్గరకు వచ్చారు. "బుల్లెమ్మా, ఆ మాట తీసెయ్యి. టీకొట్టుకి కూడా పోలేకపోతున్నా. ఇంక నీ బోదె జోలికి రాను."

"అట్లాగే బావగారూ," అన్నాను. ఆ మాట తీసేశాను.

ఇప్పుడు నా వంతు రోజున, చెంచా కాడలు నీళ్లలో ఉన్నంతసేపు గ్రూపులో గంటకొకసారి పడుతోంది: "బసవపున్నయ్య గారు ఇంకా లేవలేదు."